వదిలేయడం తెలిసిన స్విచ్

బోరు మోటారు నడుస్తుంటుంది. మధ్యలో కరెంటు పోతుంది. అరగంట తర్వాత మళ్లీ వస్తుంది. ఇంట్లో ఫ్యాను ఎవరూ ముట్టుకోకుండానే తిరగడం మొదలుపెడుతుంది. పొలంలో మోటారు మాత్రం కదలదు, ఎవరో వెళ్లి పచ్చ బటన్ నొక్కాలి. రెండూ కరెంటుతో నడిచేవే కదా, మరి ఈ తేడా ఎందుకు? ఫ్యాను స్విచ్‌ను మనం చేత్తో వేశాం. కరెంటున్నా లేకున్నా అది వేసిన చోటే ఉంటుంది. మోటారు స్విచ్‌ను పట్టుకుని ఉన్నది మాత్రం ఒక అయస్కాంతం. కరెంటు పోగానే దాని బలం పోయింది, స్ప్రింగు పాయింట్లను వెనక్కి నెట్టేసింది. ఆ తర్వాత కరెంటు తిరిగి వచ్చినా దానికి మోటారుదాకా దారి లేదు.

స్టార్టరు డబ్బాలో ఈ పని చేసే భాగమే కాంటాక్టరు. రైసుమిల్లులో, లిఫ్టులో, అపార్టుమెంటు నీళ్ల మోటారుకు, ఊరి వీధిదీపాల ప్యానెల్‌లో కూడా ఇదే ఉంటుంది. చిన్నదైతే గుప్పిట్లో పడుతుంది, పెద్దది మోయడానికి ఇద్దరు కావాలి. లోపలి ఏర్పాటు మాత్రం అన్నింటిలో ఇంచుమించు ఒకటే.

పల్చటి సిలికాన్ ఉక్కు రేకులు పేర్చి చేసిన రెండు దిమ్మలు మూడేసి కాళ్లతో ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి కదలదు. దాని నడిమి కాలికి రాగి తీగ కాయిల్ తొడిగి ఉంటుంది. రెండోది కదిలేది, మధ్యలో స్ప్రింగు దాన్ని దూరంగా నెట్టి ఉంచుతుంది. కదిలే దిమ్మకు ప్లాస్టిక్ చట్రం, ఆ చట్రంలో వరసగా చిన్న లోహపు పట్టీలు. ప్రతి పట్టీ రెండు చివర్లలోనూ వెండి మిశ్రమంతో చేసిన బిళ్లలుంటాయి. కాయిల్‌కు కరెంటు ఇస్తే రెండు దిమ్మలూ టక్కున అతుక్కుంటాయి, పట్టీలు వంతెనల్లా వచ్చి స్థిరంగా ఉన్న పాయింట్ల మీద కూర్చుంటాయి, మోటారుకు దారి ఏర్పడుతుంది. పట్టీకి రెండు చివర్లున్నాయి కాబట్టి విడిపోయేటప్పుడు దారి ఒకేసారి రెండు చోట్ల తెగుతుంది. అప్పుడు పుట్టే మెరుపు రెండు ముక్కలై త్వరగా ఆరిపోతుంది.

కాయిల్‌కు కరెంటు లేనప్పుడు విడిపోయి ఉండే పాయింట్లను నార్మల్లీ ఓపెన్, పొట్టిగా ఎన్.ఓ. అంటారు. కరెంటు లేనప్పుడు కలిసి ఉండి, వస్తే విడిపోయేవి నార్మల్లీ క్లోజ్డ్, అంటే ఎన్.సి. మోటారు రోజుకు ఇరవై గంటలు నడిచి, ఆ ఇరవై గంటలూ పాయింట్లు కలిసే ఉన్నా అవి ఎన్.ఓ. పాయింట్లే. ఎక్కువసేపు ఎలా ఉంటాయన్నది లెక్కలోకి రాదు. అయస్కాంతం పని చేయకుండా స్ప్రింగు ఒక్కటే పని చేస్తున్నప్పుడు ఎలా ఉంటాయన్నదే లెక్క.

పచ్చ బటన్ నుంచి వేలు తీసేశాక మోటారు ఆగకుండా ఎలా నడుస్తుందో చూస్తే, కాంటాక్టరు కట్టినవాళ్ల తెలివి మీద గౌరవం కలుగుతుంది. మోటారుకు వెళ్లే మూడు పెద్ద పాయింట్ల జతల పక్కన ఇంకో చిన్న ఎన్.ఓ. జత ఉంటుంది. దాన్ని పచ్చ బటన్‌కు సమాంతరంగా కలుపుతారు. బటన్ నొక్కితే కాయిల్‌కు కరెంటు అందుతుంది, కాంటాక్టరు లాక్కుంటుంది, దాంతోపాటే ఈ చిన్న జతా కలుస్తుంది. ఇక వేలు తీసేసినా కాయిల్‌కు కరెంటు ఈ జత గుండా వస్తూనే ఉంటుంది. కాంటాక్టరు తన కాయిల్‌కు తానే కరెంటు ఇచ్చుకుంటోందన్నమాట. ఈ వలయం ఎక్కడ ఒక్క క్షణం తెగినా అంతా విడిపోతుంది. ఎర్ర బటన్ చేసేది అదే. వైండింగు కాలిపోకుండా కాసే ఓవర్‌లోడ్ రిలే చేసేదీ అదే. ఆ రెండింటిలో ఉన్నవి ఎన్.సి. పాయింట్లు. అవి మామూలుగా కలిసి ఉంటాయి, ఆపాల్సి వచ్చినప్పుడు విడిపోతాయి. ఆపే తీగను ఎలుక కొరికేసినా, స్క్రూ వదులై జారిపోయినా మోటారు ఆగిపోతుంది. తీగ ఎక్కడ తెగినా ఫలితం ఆగిపోవడమే అయ్యేలా ఆలోచించి కట్టిన వలయం ఇది.

తెలుగు రాష్ట్రాల్లో, కరెంటు పోతే వదిలేసే ఈ గుణాన్ని చాలా ఏళ్లపాటు పక్కన పెట్టాల్సి వచ్చింది. వ్యవసాయానికి కరెంటు వంతులవారీగా, చాలాచోట్ల రాత్రిపూట వచ్చేది. వచ్చినప్పుడల్లా చీకట్లో, పాముల మధ్య గట్ల మీద నడిచి వెళ్లి పచ్చ బటన్ నొక్కడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అందుకే రైతులు ఆటో స్టార్టరు పెట్టుకున్నారు. మూడు ఫేజులూ రాగానే అది తానే కాంటాక్టరును లాగిస్తుంది. ఒక రైతు వైపు నుంచి చూస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి చూస్తే లెక్క వేరు. 5 హెచ్‌పీ మోటారు పూర్తి బరువు మీద సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణాల్లో దానికి ఆరు రెట్ల దాకా లాగుతుంది. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు ఇవ్వగలిగింది 84 ఆంపియర్లు. దాని కింద పది మోటార్లు నడుస్తుంటే 75 ఆంపియర్లే, ఇబ్బంది లేదు. ఆ పదీ ఒకే క్షణంలో మొదలైతే 450. విడిపోయి ఉండే పాయింట్లు, వాటిని కలపడానికి ఒక్కొక్కరుగా వచ్చే మనుషులు, ఈ రెండూ కలిసి ఆ ఉప్పెనను గంటసేపట్లోకి పరిచేవి. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలవడానికి ముందు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమూ విద్యుత్ సంస్థలూ రైతులను పదేపదే కోరాయి. భూగర్భ జలం కూడా అందుకు పెద్ద కారణం. రోజంతా కరెంటు ఉంటే ఆటో స్టార్టరు ఉన్న బోరు రోజంతా తోడుతూనే ఉంటుంది.

ఇక చేతిలో ఒక కాంటాక్టరు ఉందనుకుందాం, ఏ స్క్రూ ఏమిటో తెలుసుకోవాలి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం తయారైనదైతే అంకెలే అన్నీ చెప్తాయి. ఎ1, ఎ2 కాయిల్ చివర్లు. 1, 3, 5 అని ఉన్నవి లైను వైపు, వాటి పక్కన ఎల్1, ఎల్2, ఎల్3 అని కూడా ఉంటుంది. 2, 4, 6 మోటారు వైపు, టి1, టి2, టి3. ఒంటి అంకె ఉన్నవి మోటారు కరెంటు మోసే పెద్ద పాయింట్లు, రెండంకెలున్నవి అదుపు కోసం పెట్టిన చిన్న పాయింట్లు. చిన్నవాటిలో చివరి అంకెను చూడండి: 3, 4 అయితే ఎన్.ఓ., 1, 2 అయితే ఎన్.సి. మొదటి అంకె వరస సంఖ్య మాత్రమే. కాబట్టి 13–14 ఎన్.ఓ., 21–22 ఎన్.సి., 43–44 మళ్లీ ఎన్.ఓ. ఓవర్‌లోడ్ రిలే మీద 95–96 ఎన్.సి., కాయిల్ వలయాన్ని తెంపేది. 97–98 ఎన్.ఓ., ట్రిప్ అయిందని దీపం వెలిగించడానికి. ఈ పద్ధతి ఒకసారి పట్టుబడితే, ఈ ప్రమాణాలు పాటించిన ఏ ప్యానెల్ ముందు నిలబడినా దారి తెలుస్తుంది.

పొలంలోని డబ్బాలో అంకెలు మసిబారో చెరిగిపోయో ఉంటాయి. అప్పుడు మల్టీమీటరే చెప్పాలి. దాన్ని ఓమ్‌ల మీద పెట్టి చివర్లను జతలుగా చూస్తూ పోతే మూడు రకాల జవాబులొస్తాయి. వందల్లోనో వేలల్లోనో ఓమ్‌లు చూపించిన జత కాయిల్. దాదాపు సున్నా చూపించినది ఎన్.సి. ఏమీ చూపించని జతల్లో ఎన్.ఓ.లు ఉంటాయి. కదిలే చట్రాన్ని స్క్రూడ్రైవరుతో పూర్తిగా లోపలికి నొక్కి మళ్లీ చూడండి. ఏమీ చూపించని జత ఇప్పుడు సున్నాకు వస్తే అది ఎన్.ఓ. అని ఖాయం. పూర్తిగా అన్న మాట అవసరం. పాయింట్లు తాకిన తర్వాత కూడా చట్రం ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. ఆ అదనపు నడకే పాయింట్లను గట్టిగా అదిమి ఉంచుతుంది. పాయింట్లు అరుగుతున్న కొద్దీ అది తగ్గిపోతుంది, చివరికి పూర్తిగా నొక్కినా పాయింట్లు తాకీ తాకనట్టు మిగులుతాయి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. స్టార్టరు ఆపితే చాలదు, ఆపినా 1, 3, 5 దగ్గర కరెంటు ఉంటుంది. మెయిన్ స్విచ్ దించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి. మీటరును మొదట కరెంటున్న చోట పెట్టి అది పని చేస్తోందని చూసుకుని, తర్వాత డబ్బాలో మూడు ఫేజుల మధ్యా, ప్రతి ఫేజుకూ భూమికీ మధ్యా కరెంటు లేదని చూసి, మళ్లీ కరెంటున్న చోట పెట్టి మీటరు చచ్చిపోలేదని నిర్ధారించుకోవాలి. నియాన్ టెస్టరు వెలగకపోవడాన్ని నమ్మి ఎవరూ చేయి పెట్టకూడదు. తడి నేల, ఎర్తు లేని ఇనుప డబ్బా, చెప్పులు లేని కాళ్లు కలిసిన చోట మన ఊళ్లలో ఎందరు పోయారో అందరికీ తెలుసు. పైగా ఆటో స్టార్టరు ఉన్న డబ్బాలో, చెయ్యి లోపల ఉండగానే కరెంటు వస్తే కాంటాక్టరు ఎవరినీ అడగకుండా పడుతుంది. వలయాలు అర్థమైన మనిషి చేయాల్సిన పని ఇది. తెలియనివాళ్లు చూసి నేర్చుకోవాలి, చేసి కాదు.

కొలిచే జతకు ఒకవైపు తీగ విప్పెయ్యడం మంచిది. లేకపోతే మీటరు పంపే చిన్న కరెంటు సూచక దీపం మీదుగానో మరో కాయిల్ మీదుగానో చుట్టూ తిరిగి వచ్చి, విడిపోయి ఉన్న పాయింట్లను కలిసి ఉన్నట్టు చూపిస్తుంది. 1–2, 3–4, 5–6 జతలు మామూలుగా ఏమీ చూపకూడదు, నొక్కితే సున్నాకు దగ్గరగా రావాలి. మూడూ ఒకేలా రావాలి. ఒకటి మాత్రం తేడాగా ఉంటే ఆ పాయింటు కాలిందనే అర్థం. అలాగే వదిలేస్తే మోటారు రెండు ఫేజుల మీద గుర్రుమంటూ వేడెక్కి వైండింగు కాలుతుంది. 1కీ 3కీ, 3కీ 5కీ మధ్య మాత్రం నొక్కినా నొక్కకపోయినా ఏమీ రాకూడదు. కొందరు మీటరు బీప్ వింటే చాలనుకుంటారు. పాయింట్లకు కొన్ని ఓమ్‌ల అడ్డు ఉన్నా బీప్ వస్తుంది, మోటారుకు ఆ అడ్డే చాలా ఎక్కువ. అంకె చూడాలి. కాయిల్ దగ్గర దీనికి తలకిందులు: వందల ఓమ్‌ల కాయిల్‌కు బీప్ రాదు, దాంతో బాగున్న కాయిల్‌ను కాలిపోయిందని పారేస్తారు.

కాయిల్ ఓమ్‌లు ఎంత ఉండాలన్నది తయారీని బట్టి మారుతుంది కాబట్టి, అదే రకం మంచి కాయిల్‌తో పోల్చడమే సరైన పద్ధతి. ఒక లెక్క మాత్రం ఎప్పుడూ పనికొస్తుంది. ఒకే కాంటాక్టరుకు 230 వోల్టుల కాయిల్, 415 వోల్టుల కాయిల్ రెండూ దొరుకుతాయి. 415 దానికి తీగ సన్నం, చుట్లు ఎక్కువ. దాని ఓమ్‌లు 230 దానికి మూడు రెట్లకు పైగా ఉంటాయి, ఎందుకంటే వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతాయి. మన పొలాల స్టార్టర్లలో ఎక్కువగా 415 కాయిలే, రెండు ఫేజుల మధ్య కలిపి ఉంటుంది, న్యూట్రల్‌తో పని లేదు. తెలియక 230 కాయిల్ తెచ్చి అక్కడ బిగిస్తే కాసేపట్లో కాలిన వాసన వస్తుంది.

ఈ ఓమ్‌లను చూసి కరెంటు లెక్కగట్టబోతే తికమక పడతాం. కాయిల్ 500 ఓమ్‌లనుకుందాం. 230 వోల్టులకు లెక్కవేస్తే 100 వాట్లకు పైగా వేడి పుట్టి నిమిషాల్లో మాడిపోవాలి. నిజానికి చిన్న కాంటాక్టరు పట్టి ఉంచడానికి 10 వోల్ట్-ఆంపియర్లు కూడా తీసుకోదు. మారుతూ ఉండే కరెంటుకు ఉక్కు దిమ్మ మీది కాయిల్ పెట్టే అడ్డు, తీగ ఓమ్‌ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ అడ్డు రెండు దిమ్మలూ కలిసిపోయినప్పుడే పూర్తిగా వస్తుంది. మధ్యలో గాలి సందు ఉన్నంతసేపూ తక్కువే, అందుకే లాక్కునే క్షణంలో కాయిల్ సుమారు పది రెట్లు తీసుకుంటుంది. అది సెకనులో చిన్న ముక్కసేపే కాబట్టి తట్టుకుంటుంది. దిమ్మల మధ్య బల్లి నలిగిపోయినా, చీమలు చేరినా, కందిరీగ మట్టిగూడు కట్టినా ఆ సందు మూసుకోదు, పది రెట్ల కరెంటు అలాగే పారుతుంటుంది. పొలంలో కాయిల్ కాలిన చాలా సందర్భాల్లో తప్పు కాయిల్‌ది కాదు. కొత్త కాయిల్ వేసేముందు ఆ సందులో ఏముందో చూసినవాడే మంచి మెకానిక్.

రొద కూడా ఒక పరీక్షే. 50 హెర్ట్‌జ్ కరెంటులో అయస్కాంత ప్రవాహం సెకనుకు 100 సార్లు సున్నాకు దిగుతుంది. అలా దిగిన ప్రతిసారీ స్ప్రింగు దిమ్మను నెట్టేయాలి. నెట్టకుండా ఆపేది దిమ్మ ముఖంలో పొదిగిన చిన్న రాగి ఉంగరం. అది తన భాగంలోని ప్రవాహాన్ని కాస్త వెనకబడేలా చేస్తుంది, దాంతో ఒక భాగం సున్నాకు దిగినప్పుడు ఇంకో భాగం లాగుతూనే ఉంటుంది. ఆ ఉంగరం పగిలితే కాంటాక్టరు పెద్దగా గోల పెడుతుంది. తుప్పో దుమ్మో చేరితే కాస్త తక్కువగా. శుభ్రం చేయడానికి పొడిబట్ట చాలు, గ్రీజు మాత్రం రాయకూడదు.

ఇంతవరకూ చూసింది కాంటాక్టరు సరిగా పట్టుకుంటుందా లేదా అన్నది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నా దృష్టిలో రెండో సగమే పెద్దది: వదులుతుందా? పట్టుకోని కాంటాక్టరు వల్ల ఒక పూట తడి ఆగుతుంది. వదలని కాంటాక్టరు దగ్గర ఎర్ర బటన్, ఓవర్‌లోడ్ రిలే, ఏదీ దేన్నీ ఆపలేదు.

వదలకపోవడానికి ఎక్కువసార్లు మూలం లో వోల్టేజి. ప్రమాణం ప్రకారం కాయిల్ తన వోల్టేజిలో 85 శాతం నుంచి 110 శాతం వరకు సరిగా లాక్కోవాలి. 415 కాయిల్‌కు ఆ కింది హద్దు 353 వోల్టులు. పట్టుకున్నాక వదిలేది 75 శాతానికీ 20 శాతానికీ మధ్య ఎక్కడో ఒకచోట, అంటే 311కీ 83కీ మధ్య. 330 వోల్టుల దగ్గర నడుస్తున్న మోటారును ఆపితే మళ్లీ మొదలుకాకపోవడానికి కారణం ఇదే. బటన్ నొక్కి ఉంచితే కాంటాక్టరు లాగబోతుంది, మోటారు ఒక్కసారిగా కరెంటు గుంజడంతో వోల్టేజి ఇంకా పడిపోతుంది, వదిలేస్తుంది, భారం పోగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. టకటకా కొట్టుకునే ఆ చప్పుడు ప్రతి రైతుకూ తెలుసు. ఒక్కో తాకిడికీ పాయింట్ల మధ్య ఆరు రెట్ల కరెంటుతో మెరుపు పుడుతుంది, వెండి కరుగుతుంది, కరిగిన బిళ్లలు ఒకదాన్నొకటి తాకి చల్లారితే వెల్డింగు చేసినట్టు అతుక్కుపోతాయి. అప్పటి నుంచి ఆ ఎన్.ఓ. జత పేరుకే ఎన్.ఓ. చట్రాన్ని వదిలేశాక కూడా మీటరు సున్నా చూపిస్తే జరిగింది ఇదే. ఆకురాయితో గీకి బాగుచేద్దామనుకోవద్దు, పైన ఉన్న వెండి పోతే కింద రాగి మిగులుతుంది, అది ఇంకా త్వరగా కాలుతుంది. పాయింట్ల మీది నలుపును చూసి మాత్రం భయపడనక్కరలేదు, గుంటలు పడి వెండి పోయినప్పుడే మార్చాలి.

లో వోల్టేజిలో పచ్చ బటన్‌కు పుల్ల గుచ్చి ఉంచడం చూస్తుంటాం. బటన్ దగ్గర పుల్ల పెడితే కనీసం ఓవర్‌లోడ్ రిలే ఇంకా వలయంలోనే ఉంటుంది. కాంటాక్టరు చట్రానికే పుల్ల అడ్డం పెడితే కాయిల్‌తో సంబంధం తెగిపోయింది, దాన్ని విడిపించేది ఇక ఆ పుల్ల తీసే చెయ్యి ఒక్కటే.

రెండో కారణం దిమ్మలే. కరెంటు పోయాక కూడా ఉక్కులో కొంచెం అయస్కాంతత్వం మిగిలిపోతుంది. అది పట్టుకోకుండా నడిమి కాలిని మిగతా రెంటికంటే వెంట్రుకవాసి పొట్టిగా చేస్తారు, కలిసినా అక్కడ సన్నటి గాలి సందు ఉంటుంది. లక్షల సార్లు కొట్టుకుని పక్క కాళ్లు అరిగిపోతే ఆ సందు మాయమవుతుంది. పాత కాంటాక్టరు ఎర్ర బటన్ నొక్కాక ఒక క్షణం ఆగి వదలడం మొదలుపెడితే దీన్నే అనుమానించాలి. గట్టిపడిన గ్రీజు కూడా ఇలాగే పట్టేస్తుంది.

లిఫ్టులూ ప్రెస్‌ల వంటి యంత్రాల్లో ఈ వదలకపోవడాన్ని యంత్రమే కనిపెట్టే ఏర్పాటు ఉంటుంది. పెద్ద పాయింట్లలో ఒక్కటి అతుక్కున్నా, చట్రానికి బిగించిన ఎన్.సి. జత కలవలేని విధంగా కాంటాక్టరును తయారు చేస్తారు. అది కలిసిందని తెలిస్తేనే యంత్రం మళ్లీ మొదలవుతుంది. ప్రమాణాల్లో వీటిని మిర్రర్ కాంటాక్టులంటారు. పొలంలో స్టార్టరుకు ఆ సౌకర్యం ఉండదు, మనమే చూడాలి. కరెంటు ఉండగా ఎర్ర బటన్ నొక్కి, మోటారు ఆగాక, 2, 4, 6 చివర్ల దగ్గర కొలవాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మూడు పాయింట్లలో ఒక్కటే అతుక్కుంటే మోటారు ఆగిపోతుంది, ఎందుకంటే ఒక్క తీగ మీద కరెంటు వెళ్లి తిరిగి రావడానికి దారి లేదు. 2కీ 4కీ, 4కీ 6కీ మధ్య మీటరు పెట్టినా సున్నాయే, అతుక్కున్న ఫేజు వైండింగుల గుండా మూడు చివర్లకూ ఒకేలా చేరి ఉంటుంది కాబట్టి. అదే మీటరును ఒక్కో చివరకూ ఎర్తుకూ మధ్య పెడితే 240 వోల్టుల దాకా చూపిస్తుంది. ఆగిపోయిన మోటారు కేబుల్‌ను బావిలోంచి పైకి లాగేముందు చేయాల్సిన కొలత ఈ రెండోది.